హిమగిరులు – అగ్నిగిరులు – మన బాలికలు

పర్వతములపై కాలినడక మన పుణ్యకథలకు క్రొత్త గాదు. భారతమున అరణ్యపర్వకథ నెఱిఁగిన సోదరీమణులకు పాండవుల గంధమాదనయాత్ర జ్ఞప్తియందుండును. నేఁటి మాటలలో చెప్పవలసినచో అది పెక్కుదినముల పర్వతయాత్రయే. దారి నెఱిఁగిన పెద్దగా లోమశమహర్షి వారి వెంట నుండెను. త్రోవలో గాలివాన క్రమ్ముకొనఁగా అందఱును చెట్లచాటునను, పుట్టలచాటునను ఒదిగి, తెఱపి యగువఱకు కదలక నిలిచిరి. నడకచే డస్సి ద్రౌపది మూర్ఛిల్లఁగా ఘటోత్కచుఁడు వచ్చి యామెను మోసికొనిపోయెను. దారి చూపువాఁ డుండుట, వాతావరణము చెడినపుడు ఆగుట, అలసినవారిని మోయు ఏర్పాటుండుట – ఈ మూఁడు సూత్రములు నేఁటికిని పర్వతయాత్రలకు ఆధారములై యున్నవి.

దీనికి ప్రతికూలమగు కథ మనుచరిత్రమున నున్నది. ప్రవరుఁడు సిద్ధుఁ డిచ్చిన పాదలేపమును పూసికొని, అభ్యాసము లేక, తోడు లేక హిమాలయమునకు పోయెను. మంచుచేత లేపము కరఁగిపోయెను. ఇల్లు చేరు దారి తెలియలేదు. తరువాతి కథను మన మందఱము వరూధిని నిమిత్తము చదువుదుము. కాని ఆ దినమున ఇంట ముదుసలి తల్లిదండ్రులును, భార్యయు నతనికొఱకు ఎదురుచూచుచుండిరను మాట ఇల్లాండ్రమగు మనకు ముందుగా తోఁపవలెను. కాళ్ళకు పూసిన మందు మంచులో నిలువదు. కాళ్ళు నేర్చిన విద్య నిలుచును.

ఇంతగా ఈ కథలు చెప్పుటకు కారణమున్నది. ఇప్పుడు మన బాలికల పాఠశాలలును, కళాశాలలును కొండనడకల శిబిరములకు పిల్లలను పంపుచున్నవి. అనుమతిపత్రము ఇంటికి వచ్చును. తండ్రి దానిని చదివి తల్లి చేతి కిచ్చును. తల్లి భయపడి మడిచి పెట్టెలో పెట్టును. లేదా పిల్ల పోరు పడలేక, ఏమియు అడుగకయే వ్రాలు చేయును. ఈ రెండును తగవని మా యభిప్రాయము. ఏమి యడుగవలెనో తెలియవలెనన్నచో, మంచుకొండలపై నడక యెట్టిదో మనకు కొంత తెలిసియుండవలెను.

పాకాల బాలిక

2014వ సంవత్సరము మే నెల 25వ తేదీన, ఆంధ్రప్రదేశము రెండు రాష్ట్రములుగా విడివడుటకు ఎనిమిది దినముల ముందు, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరము నెక్కెను. నాఁటికి ఆమె వయస్సు పదుమూఁడేండ్ల పదునొకండు మాసములు. అంత చిన్న బాలిక ఆ శిఖరము నెక్కుట అంతకుముందు లేదు. వ్యవసాయకూలిచే జీవించు గిరిజనకుటుంబము వారిది. ఆమెతోపాటు ఖమ్మము ప్రాంతపు సాధనపల్లి ఆనంద్ కుమార్ అను బాలుఁడును శిఖరము చేరెను. ఇరువురును సాంఘికసంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. ఆ గురుకులములకు నాఁడు కార్యదర్శిగా నుండిన ఆర్. ఎస్. ప్రవీణ్ కుమార్ గారు ప్రోత్సహింపఁగా, పర్వతారోహకులు శేఖర్‌బాబు గారు వారికి గురువై శిక్షణ నిచ్చిరి.

ఈ వార్త వచ్చినపుడు పత్రికలన్నియు ఆమె ధైర్యమును కొనియాడినవి. ధైర్యము కొనియాడఁదగినదే. కాని ఆ ధైర్యము వెనుక నున్న క్రమమును తల్లులు గమనింపవలెను. ఆ పిల్లలను తిన్నగా ఎవరెస్టునకు తీసికొనిపోలేదు. మొదట భువనగిరి ఏకశిలపై ఱాతి నెక్కుట నేర్పిరి. పలువురు పిల్లలలో నేర్చినవారిని ఏఱి, డార్జిలింగులోని హిమాలయ పర్వతారోహణ సంస్థకు పంపిరి. 1954లో నెలకొల్పఁబడిన ఆ సంస్థయందు టెన్జింగ్ నార్గే వంటివారు పూర్వము శిక్షణాధికారిగా నుండిరి. అచ్చట మంచుపై నడుచుట, త్రాటితో నొకరి నొకరు కాపాడుకొనుట నేర్చిరి. పిదప చలికాలమున లడఖు ప్రాంతమున చలి కోర్చుట నేర్చిరి. ప్రతి మెట్టునందును కొందఱు నిలిచిపోయిరి; చివరకు ఇద్దఱు మిగిలిరి. నేపాళదేశమువారు పదునాఱేండ్లు నిండనివారి నెక్కనీయరు గనుక టిబెట్టు వైపునుండి ఎక్కిరి. మొత్తము యాత్రకు 52 దినములు పట్టెను. డబ్బాలలోని ఆహారము, దాని వాసన తనకు సయింపలేదనియు, మార్గమున మృతదేహములను చూచితిననియు ఆ బాలిక తరువాత చెప్పియున్నది.

అంతటితో ఆమె ఆగలేదు. ఆఫ్రికాలోని కిలిమంజారోను 2016లోను, ఐరోపాలోని ఎల్‌బ్రస్‌ను 2017లోను, దక్షిణ అమెరికాలోని అకొంకాగ్వాను, న్యూగినీ ద్వీపములోని కార్‌స్టెన్జ్ శిఖరమును, అంటార్కిటికాలోని విన్సన్‌ను 2019లోను, ఉత్తర అమెరికాలోని డెనాలిని 2022 జూన్ నెలలోను ఎక్కి, ఏడు ఖండముల యున్నతశిఖరములను పూర్తిచేసెను. వీనిలో కిలిమంజారోయు ఎల్‌బ్రస్‌యు అగ్నిపర్వతములు. సామాన్యులును మార్గదర్శి వెంట నడచి చేరఁగల పర్వతములు గూడ నవియే. కాఁబట్టి వానిని గూర్చి కొంత వివరముగా చెప్పెదము.

నిప్పుకొండపై నడక

అగ్నిపర్వతమన్నంత మాత్రమున ఎల్లప్పుడును నిప్పులు గ్రక్కుచుండు ననుకొనరాదు. పెక్కు నిద్రించుచున్నవి. కొన్ని ఎప్పుడో చల్లాఱినవి. మన దక్కను పీఠభూమిలోని నల్లఱాయి ఇంచుమించు ఆఱుకోట్ల అఱువదిలక్షల యేండ్లకు పూర్వము భూగర్భమునుండి ప్రవహించి గడ్డకట్టిన ద్రవమే. రాజమహేంద్రవర ప్రాంతమునను అట్టి ఱాయి కలదు. మన దేశపు సజీవమగు అగ్నిపర్వతము అండమానులలోని బారెన్ ద్వీపమున నున్నది.

కిలిమంజారో టాంజానియా దేశములో, భూమధ్యరేఖకు మూఁడు డిగ్రీల దక్షిణమున నున్నది. దాని యెత్తు 5895 మీటర్లు. షిరా, మావెంజీ, కిబో యని దానికి మూఁడు శిఖరములు. అందు కిబో నిద్రించుచున్నది గాని చావలేదు. దాని నోటిచెంత నేఁటికిని గంధకపు వాసన వచ్చు చోట్లు గలవు. 1889లో హాన్స్ మేయరు, లుడ్విగ్ పుర్ట్‌షెల్లరు అనువారు మొదట దాని శిఖరము చేరిరి. మార్గదర్శి లేక ఎవ్వరును ఆ కొండ నెక్కరాదని ఆ దేశమువారు నియమము చేసియున్నారు.

మారంగు అను దారి యొకటి కలదు. దానిలో యాత్రికులు రాత్రులు చిన్న చిన్న కొయ్యయిండ్లలో గడుపుదురు. మొదటి దినము చాగా జాతివారి అరఁటితోఁటలు, కాఫీతోఁటలు గల పల్లెలను విడిచి వాన కురియు దట్టపు టడవిలో నడచి ఇంచుమించు 2700 మీటర్ల యెత్తు చేరుదురు. రెండవ దినము అడవి యంతరించి పొదలు, గడ్డి మిగులును. నాఁటి మజిలీ 3700 మీటర్లకు సమీపము. ఆ పిమ్మట చెట్టుచేమలు లేని ఱాతియెడారి. 4700 మీటర్లకు సమీపమున చివరి మజిలీ. అచ్చట సాయంకాలమే భోజనము చేయించి పరుండఁబెట్టుదురు. నడిరేయి లేపుదురు. తలకు దీపము కట్టుకొని, వంకరటింకరగా బూడిదపై నడువవలెను. అగ్నిపర్వతపు బూడిదయు గులకఱాళ్ళును కాలిక్రింద జాఱును. ఒక యడుగు వేసినచో అర యడుగు వెనుకకు పోవును. చలి సున్నకు పది పదునైదు డిగ్రీలు దిగువన నుండుట సామాన్యము. తూర్పున మావెంజీ వెనుకనుండి సూర్యుఁడు వచ్చునప్పటికి అగ్నిబిలపు టంచు చేరుదురు. అక్కడినుండి అంచు వెంబడి పోయిన శిఖరము. దాని పేరు ఉహురు. అనఁగా వారి భాషలో స్వాతంత్ర్యము. 1961లో ఆ దేశము స్వతంత్రమైన రాత్రి దానిపై దీపము వెలిగించిరి.

ఆ కొండపై మార్గదర్శులు యాత్రికులకు పదేపదే చెప్పు మాట యొకటి కలదు: "పోలె పోలె". స్వాహిలీ భాషలో దీని కర్థము మెల్లమెల్లగా నని. వేగముగా నడచువాఁడు అచ్చట గొప్పవాఁడు కాఁడు. బలిష్ఠులగు యువకులు మొదటి రెండు దినములు పరుగెత్తి, మూఁడవ దినమున తలనొప్పితో కూలఁబడుటయు, నెమ్మదిగా నడచిన నడివయసు స్త్రీలు శిఖరము చేరుటయు అచ్చట వింత కాదు. పొయ్యిమీఁద పాలను సన్నని సెగను కాచు నేర్పు తెలిసినవారికి ఈ నీతి విడమరచి చెప్ప నక్కఱలేదు.

మోయువారి మాటయు చెప్పవలెను. యాత్రికుని సామానును కూలివారు మోయుదురు. ఒక్కొక్కరిపై 20 కిలోలకు మించి వేయరాదని నియమమున్నది. కాని తక్కువ వెలకు యాత్ర చేయింతుమని చెప్పు వ్యాపారులు ఆ తక్కువను వీరి కూలిలోను, తిండిలోను, దుప్పట్లలోను కోసివేయుదురు. చవుకగా నెక్కితిమని సంతసించువారు ఎవరి కడుపు కొట్టి యది చవుకయైనదో యడుగవలెను.

మంచునది

ఎల్‌బ్రస్ రుష్యాదేశమున కాకసస్ పర్వతములలో నున్నది. ఎత్తు 5642 మీటర్లు. అదియు నిద్రించు అగ్నిపర్వతమే యైనను నిలువెల్ల మంచునదులను కప్పుకొనియున్నది. లోపల నిప్పు, పైన మంచు. ఇట్టి కొండ మేల్కొన్నచో నేమగునో 2010లో ఐస్‌లాండు దేశమున కనఁబడెను. అచ్చట ఎయ్యాఫ్యాత్లయోకుత్ల్ అను మంచుకొండ క్రింద నిప్పు రేఁగఁగా, మంచు కరఁగి వఱదలు వచ్చెను, బూడిద ఆకాశమంతయు నిండి ఐరోపాఖండమున విమానములు పెక్కుదినములు నిలిచిపోయెను.

మంచునది యనఁగా నేమి? ఏటేఁటను కురిసిన మంచు కరఁగక, పొరమీఁద పొర పేరుకొని, తన బరువుచేత తానే గట్టిపడి మంచుగడ్డయగును. ఆ గడ్డ తన బరువుచేతనే మెల్లగా పల్లమునకు జరుగుచుండును. మన భాగీరథి అట్టిదాని నోటినుండియే పుట్టుచున్నది. గంగోత్రినుండి పదునెనిమిది కిలోమీటర్లు నడచి గోముఖము చూచివచ్చిన తెలుఁగు సువాసినులు పలువురు కలరు. మంచునది ఎగుడుదిగుడు ఱాళ్ళమీఁద జరుగునపుడు పగుళ్ళు పడును. ఆ పగుళ్ళు తాటిచెట్టంత లోతును, అంతకు మించియు నుండును. క్రొత్తమంచు వానిపై పలుచని కప్పుగా పఱచుకొని, చూచుటకు సమతలమువలెనే యుండును. దానిపై అడుగిడిన మనుష్యుఁడు లోపలికి పోవును.

దీనికి విరుగుడు త్రాడు. ముగ్గురు నలుగురు ఒక్క త్రాటికి నడుములు కట్టుకొని, ఒకరికొకరు దూరముగా నడుతురు. త్రాడు వదులైనచో పడినవాఁడు లోఁతుగా పడును, బిగువైనచో ముందువాని నడక చెడును. కాఁబట్టి వదులును బిగువును గాక త్రాటిని కాపాడుచు నడుచుట నేర్వవలెను. పాదరక్షల క్రింద ఇనుపకోఱలు బిగించుకొందురు. చేత మంచుగొడ్డలి యుండును. జాఱినచో దానిని మంచులో గ్రుచ్చి శరీరమును నిలుపుకొనుట మొదటి పాఠము. ఎండ యెక్కినచో మంచు మెత్తబడి కప్పులు కూలును గనుక తెల్లవాఱకముందే బయలుదేరి, ఎండ ముదురకముందే దిగుదురు. మంచుపై తళుకు కన్నుల నంధము చేయును గనుక నల్లని యద్దములు తప్పనిసరి. ఇవన్నియు ఒక దినమున పుస్తకము చదివి వచ్చునవి కావు. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ 1965లో ఏర్పడినది. అచ్చటను, డార్జిలింగునందును ప్రథమశిక్షణకే ఇంచుమించు నాలుగు వారములు పట్టును.

పప్పు ఉడుకని చోటు

మా కంచరపాలెము సముద్రమునకు సమీపమున, ఓడరేవు చెంతనున్నది. ఇచ్చట గాలి బరువైనది. ఎత్తునకు పోయినకొలఁది గాలి పలుచనగును. 5500 మీటర్ల యెత్తున గాలి యొత్తిడి సముద్రతీరమున నున్నదానిలో సగము. ఎవరెస్టు శిఖరమున మూఁడవవంతు మాత్రమే. దీనిని వంటయింటినుండియే తెలిసికొనవచ్చును. ఇచ్చట నీరు 100 డిగ్రీలకు తెర్లును. 4700 మీటర్ల యెత్తున ఇంచుమించు 85 డిగ్రీలకే తెర్లును. తెర్లుచున్నను ఆ నీటికి కందిపప్పును ఉడికించు వేఁడి చాలదు. అందుచే కొండలపై వంటవారు మూఁత బిగించి ఆవిరి నాపు కుక్కరును మోసికొనిపోవుదురు.

పప్పును ఉడుకనీయని యా పలుచని గాలియే మనుష్యుని రక్తమునకు చాలినంత ప్రాణవాయువు నీయదు. దేహము దానికి అలవాటు పడుటకు దినములు కావలెను. తొందరపడినచో తలనొప్పి, వాంతి, ఆకలి లేమి, నిద్ర పట్టకుండుట కలుగును. దానిని లెక్కచేయక పైకి పోయినచో ఊపిరితిత్తులలో నీరు చేరుటయో, మెదడు వాచుటయో సంభవించును. అప్పుడు ఒక్క రాత్రిలో ప్రాణము పోవచ్చును. మందులు కొంత సాయపడును; కాని ముఖ్యమగు చికిత్స క్రిందికి దిగుటయే. అందుచేతనే వైద్యులు, మూఁడువేల మీటర్లు దాఁటిన పిమ్మట పరుండు చోటు దినమునకు 500 మీటర్లకు మించి పెరుగరాదనియు, మూఁడు నాలుగు దినముల కొకసారి ఒక దినము విశ్రమింపవలెననియు చెప్పుదురు. పైన చెప్పిన మారంగు దారిలో దినమునకు వేయి మీటర్లు పెరుగుచున్నవని చదువరులు గమనించియుందురు. ఆ దారిలో నడుమ నొకదినము అదనముగా ఆగువారికి ఫలసిద్ధి యెక్కువ. ఆ యొక్క దినపు ఖర్చు మిగిల్చుకొనఁగోరి యారోగ్యమును పోఁగొట్టుకొనరాదు.

కొండపై తలనొప్పిని దాఁచిపెట్టుట మహాపరాధము. మన బాలికలకు నొప్పిని దాఁచుట చిన్ననాఁటనుండి నేర్పుచున్నాము. కడుపు నొచ్చినను, కాలు బెణికినను, పదిమందిలో చెప్పరాదని యందుము. ఇంట నది యోర్పు. ఆ యెత్తున నది మృత్యువు. కూఁతును కొండకు పంపు తల్లి మొదట ఈ యలవాటును మాన్పింపవలెను.

ఒక సింహము వంటివాఁడు

శిక్షణ పొందినవారికి అపాయము లేదని మేము చెప్పుట లేదు. మల్లి మస్తాన్‌బాబు పేరు తెలుఁగువా రందఱును ఎఱుఁగవలసినది. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘము గ్రామమున 1974లో పుట్టి, మా విశాఖపట్టణమునకు ఎంతో దూరము లేని కోరుకొండ సైనికపాఠశాలలో చదివెను. ఆ పాఠశాలలోనే పూర్వము చదివిన లెఫ్టినెంటు ఉదయభాస్కరరావు 1985లో సైనికదళపు యాత్రలో ఎవరెస్టుపై మరణించెను. ఆ యమరవీరుని స్మృతి మస్తాన్‌బాబునకు బాల్యముననే కొండలపై మనసు కలిగించెను. తరువాత ఖరగపూరు సాంకేతికవిద్యాలయమునను, కలకత్తా వ్యాపారనిర్వహణ విద్యాలయమునను చదివి, 2006లో 172 దినములలో ఏడు ఖండముల శిఖరములను ఎక్కెను. అంత దక్షుఁడు 2015 మార్చి నెలలో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములలో త్రెస్ క్రూసెస్ అను అగ్నిపర్వతము నెక్కఁబోయి, వాతావరణము చెడఁగా ఒంటరిగా చిక్కుకొని మరణించెను. ఏప్రిలులో దేహము దొరకినది. స్వగ్రామమునకు తెచ్చి అంత్యక్రియలు జరిపిరి.

ఆ తల్లి దుఃఖమును తలఁచికొనిన యే తల్లికిని అనుమతిపత్రముపై చేయి సాగదు. ఇది సహజము. కాని ఆ మహనీయుఁడు ఎక్కిన త్రోవలు, మన పిల్లలు పోవు శిబిరములు ఒకటి గావు. ఆయన సాహసికుల త్రోవను పోయెను. మన పిల్లలు పోవునది మార్గదర్శి ముందుండి, గుంపు వెంటనుండి, దిగివచ్చు దారి ముందే నిర్ణయింపఁబడిన త్రోవ. అయినను ఆయన మరణము మనకొక నిజమును నేర్పుచున్నది. కొండకు మన నేర్పును గూర్చిన యెఱుక లేదు. ఎంతటివాఁడైనను ఆకాశము నల్లబడినపుడు తోడు కావలసినవాఁడే.

ఆఁడువారు, కొండలు

మహాప్రస్థానమున మొదట పడిపోయినది ద్రౌపది యని కొందఱు పురుషులు హాస్యమాడుదురు. ఆ కథలో ధర్మరాజు చెప్పిన కారణము అర్జునునిపై పక్షపాతమేగాని కాళ్ళ బలహీనత గాదు. ఆమె తరువాత నలుగురు తమ్ములును పడిరి గదా. జపానుదేశమున ఫ్యూజీ యను 3776 మీటర్ల యగ్నిపర్వతము మహాపుణ్యక్షేత్రము. 1872 వఱకు దానిపై స్త్రీలు ఎక్కరాదను నిషేధ ముండెను. ఆ దేశపు స్త్రీయే, జుంకో తాబేయి, 1975 మే 16న ఎవరెస్టు నెక్కిన మొదటి వనిత యయ్యెను.

తాబేయి కథ మన వంటివారికి మిక్కిలి దగ్గఱది. ఆమె గృహిణి. యాత్రకు పోవునాఁటికి చిన్నపిల్ల యొకతె యింట నుండెను. 1969లో ఆమె స్త్రీల పర్వతారోహణసంఘమును స్థాపించెను. ధనసహాయ మడుగఁబోయినచోట, పోయి పిల్లలను పెంచుకొనుఁడని చెప్పినవారును కలరు. ఆమె పియానో పాఠములు చెప్పి డబ్బు కూడఁబెట్టెను. పాఁత మోటారుకారుల ఆసనముల బట్టతో నీరంటని చేతొడుగులను, ఈఁకలు నింపి పడక సంచులను ఆ స్త్రీలు తామే కుట్టుకొనిరి. కుట్టు తెలిసిన చేతులకు కొండయు దూరము కాలేదు. మే 4న 6300 మీటర్ల యెత్తున హిమపాతము వారి గుడారములను కప్పివేసెను. షెర్పాలు త్రవ్వి ఆమెను వెలికి తీసిరి. పండ్రెండు దినములకు ఆమె శిఖరము చేరెను. 1992 నాఁటికి ఏడు శిఖరములను పూర్తిచేసిన మొదటి స్త్రీయు నామెయే. 2011లో భూకంపమును సముద్రపుటుప్పెనయు తన ప్రాంతమును పాడుచేసిన పిదప, అచ్చటి పాఠశాలల పిల్లలను ఫ్యూజీ కొండకు తోడుకొనిపోయెను. 2016లో మరణించిన యేఁడుకూడ, రోగముతోనే వారి వెంట నడచెను. మన దేశమున బచేంద్రీ పాల్ 1984 మే 23న ఎవరెస్టు నెక్కి మార్గము చూపెను.

నెలసరి దినములను గూర్చి తల్లులు సంకోచింతురు. దానివలన కొండనడకకు వైద్యమున నిషేధము లేదు. శుభ్రమునకు కావలసిన బట్ట, నీరు, చాటు ముందుగా ఏర్పఱచుకొనిన చాలును. వాడినవి కొండపై పాఱవేయక సంచిలో కట్టి దింపుకొనిరావలెను.

వ్రాలు చేయుటకు ముందు

మన ప్రాంతపు స్త్రీల పాదములలో బలము లేదా? ఆషాఢపూర్ణిమ ముందునాఁడు సింహాచలగిరి ప్రదక్షిణమున తొలిపావంచ కడ కొబ్బరికాయ కొట్టి, 32 కిలోమీటర్లు నడచి స్వామిని చేరు వేలకొలఁది స్త్రీలను ఏటేఁటను చూచుచున్నాము. మా కంచరపాలెపు మెట్టమీఁదుగా మాధవధార వైపునకు అర్ధరాత్రి సాగిపోవు గుంపులలో అవ్వలు, చంటిపిల్లల తల్లులు, పాదరక్షలు లేనివారును కలరు. బలము కలదు. కొఱవడినది శిక్షణయు, క్రమమును.

కాఁబట్టి పత్రము వచ్చినపుడు తల్లులు ఈ ప్రశ్నల నడుగవలెను. మార్గదర్శి యెచ్చట శిక్షణ పొందెను? ఆ దారిలో ఎన్నిసార్లు నడచెను? ఎందఱు పిల్లలకు ఒక్క పెద్ద యుండును? వారిలో స్త్రీ యెవరైన కలదా? ఏ దినమున ఎంత యెత్తు చేరుదురు, విశ్రాంతిదిన మెప్పుడు? పిల్ల జబ్బుపడినచో దింపువా రెవరు, రహదారి యెంత దూరము? ఎన్నిగంటలకు శిఖరము చేరకున్నను వెనుకకు మఱలుదురు? ఈ కడపటి ప్రశ్నకు తిన్నని యుత్తరము చెప్పలేనివారితో పిల్లను పంపరాదు. తప్పక శిఖరము చేర్చెదమని వాగ్దానము చేయువారితో అసలే పంపరాదు. వారు పాదలేప మమ్మువారు.

ఇంట చేయవలసినదియు కలదు. పోవుటకు మూఁడు మాసముల ముందునుండి సింహాచలపు మెట్లదారిని వారమునకు రెండుసార్లు, వీపున సంచితో ఎక్కించి దింపవలెను. దిగుటయే మోఁకాళ్ళకు కష్టము, అదియే అభ్యసింపవలసినది. క్రొత్త పాదరక్షలను కొండపై మొదటిసారి తొడుగరాదు, ఇంటనే నలుగవలెను. నూలుబట్ట చెమటను పట్టియుంచి చలి పుట్టించును గనుక ఒంటికి తగులునది ఉన్నియో, వెంటనే ఆరు బట్టయో కావలెను. మడమ ఎఱ్ఱబడినపుడే చెప్పి కట్టు కట్టుకొనుట నేర్పవలెను. బొబ్బ లేచిన పిమ్మట చెప్పుట వృథా. మొదటి యాత్రకు మంచునదులు వలదు. యూత్ హాస్టల్స్ అసోసియేషనువారు ఏటేఁటను నడుపు నడకశిబిరములవంటివి మొదట చాలును. అందు నిలిచిన పిల్ల తరువాత ఉత్తరకాశికో, డార్జిలింగునకో పోవచ్చును.

ఇంకొక మాట. ఈ మంచు మనకొఱకు కాచియుండదు. కిలిమంజారోపై 1912లో నుండిన మంచులో నూటికి ఎనుబదియైదుపాళ్ళు 2007 నాఁటికే కరఁగిపోయినవని శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పిరి. మన హిమాలయపు మంచునదులును వెనుకకు తగ్గుచున్నవి. పూర్ణ చూచిన ధవళిమను ఆమె మనుమరాలు చూచునో లేదో. మంచునది పైన నడచిన పిల్లకు క్రింద పాఱు నీటి విలువ వేఱొకరు బోధింప నక్కఱలేదు.

పిల్లలను పంపకుండుటకు భయము చాలును. పంపుటకు మాత్రము తల్లి కొంత నేర్చుకొనవలెను, కొన్ని ప్రశ్నలు వేయవలెను, మూఁడు మాసములు పిల్లతో మెట్లెక్కవలెను. రానున్న ఆషాఢమున గిరిప్రదక్షిణమునకు పోవు సోదరీమణులు తమ కూఁతులనుగూడ వెంటఁబెట్టుకొనిపోయి, పదియవ కిలోమీటరు కడ నొకసారి, ఇరువదియవ కడ నొకసారి, "అమ్మా, కాలు నొచ్చుచున్నదా?" యని యడుగుఁడు. నిజము చెప్పుట వారచ్చటనే నేర్చుకొందురు.